మునుం ఇడిసి లేచినం

మా మాలక్‌కు ఒక కాయిదా ఉండె. ఆయన చేన్లకు కైకిలి, అంటే కూలికి, అచ్చిన ఆడోళ్లు ఫోన్లు ఒంటి మీద పెట్టుకోవద్దు. అన్నీ సద్దిగంపల పెట్టాలె, గంప గెట్టు మీద ఉండాలె. "చేతుల ఫోను ఉంటే కొడవలి నడువది" అంటుండె. తన చేతుల ఫోను మాత్రం ఎన్నడు దిగకపోయేది. గెట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడి, నాందేడ్ మోంఢల, అంటే మార్కెట్ల, సోయా భావ్ ఎట్ల నడుస్తున్నదో సూసుకుంట ఉండేటోడు.

మాది దెగ్లూర్ తాలూకల తెలంగాణ హద్దుకు ఆనుకొని ఉన్న ఊరు. ఊరి బోర్డు మరాఠీల ఉంటది, ఇండ్లల్ల మాట తెలుగుల ఉంటది. ఫోనుకు సిగ్నల్ ఒకపారి ఇటు టవర్‌ది దొరుకుతది, ఒకపారి అటు టవర్‌ది. మా వాడకట్టుల ఎవ్వరికి భూమి లేదు. అమ్మకు లేదు, అమ్మమ్మకు లేకుండె. నేను జిల్లా పరిషత్ బడిల మరాఠీ చదువుకున్న. దెగ్లూర్ల కాలేజీకి పోయి బారావీ, అంటే పన్నెండో తరగతి, పాసయిన. మళ్ల అమ్మ ఎంబడి చేనుకే పోయిన. ఇంత చదివి కైకిలి ఎందుకు పోతున్నవే అని అడిగినోళ్లకు నేను అప్పుడు జవాబు ఇయ్యలే, ఇప్పుడు కూడ ఇయ్య. కొడవలి పట్టుడు నాకు నామోషీ కాదు.

మా ముఠాకు పెద్ద మా మేనత్త, నాయన అక్క. ఏ చేనుకు పోవాలె, ఎవలు రావాలె అన్నది ఆమెనే మాట్లాడుతది. మాలక్‌లతోని ఎట్ల మాట్లాడాలెనో ఆమెకు బాగ ఎరుక. గొంతు పెద్దది, కోపం దానికంటె పెద్దది.

ఇదంత సురూ కాకముందేడు సోయా కోతలల్ల ఒక ఘోరం అయింది. అమ్మ, అమ్మ జోడి ఒకామె పక్కపక్క మునుం, అంటే కోత వరుస, పట్టి కోస్తున్నరు. ఇద్దరిది ఒకటే తల్లిగారూరు, చిన్నప్పటి సంది దోస్తులు. పొద్దు వంగినంక మొగులు పట్టింది, చినుకులు మొదలైనయి. అందరు యాపచెట్టు కిందికి ఉరికిండ్రు. అమ్మ మాత్రం సోయా కుప్ప మీద ప్లాస్టిక్ తాటిపత్రి కప్పుదామని ఎనుకకు మళ్లింది. అంతట్లనే పిడుగు పడ్డది. యాపచెట్టు కింద ఉన్న అమ్మ దోస్తు అక్కడికక్కడ పోయింది. మిగిలినోళ్లు సోయి లేకుంట పడి, తర్వాత లేచిండ్రు. అమ్మకు గీత కూడ పడలేదు గని, ఆనాటి సంది కుడి చెవు ఇనబడది.

ఊరంత ఒకటే మాట అన్నది. ఆమె రాత గంతే అని. పత్రికల మూలకు చిన్నగ అచ్చింది. మాలక్ దినాలకు బియ్యం పంపిండు. అమ్మ ఆ దినం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చేనుకు పోతనే ఉండె, మొగులు కనబడితే కొడవలి ఇంక గట్టిగ పట్టుకుంటుండె.

రాత అన్న మాట నాకు మింగుడు పడలేదు. రాత అయితే మా వాడకట్టుకే ఎందుకు రాసి ఉంటది? పిడుగు పడే యాళ్లకు మాలక్ ఎన్నడు చేన్ల ఎందుకు ఉండడు? మొగులు పట్టంగనే ఆయన ఇంటికి పోయి ఫోను సూస్తడు. మేము చేన్ల ఉంటం. అంతే ఫరక్.

మర్సటేడు ఆనకాలం మొదలుకు తాలూక నుంచి వ్యవసాయం సూసే కృషి ఆఫీసరు అచ్చిండు. బడి ఆవరణల తెర కట్టిండ్రు, ప్రొజెక్టర్ పెట్టిండ్రు. భూమి ఉన్నోళ్లు కుర్చీలల్ల కూసున్నరు, మేము గోడకు నిలబడ్డం. ఫోన్ల వాన కబురు ఎట్ల సూడాలె, పురుగు ఫోటో తీసి ఎట్ల పంపాలె, పంట నమోదు ఎట్ల చెయ్యాలె అని ఆయన ఒక్కొక్కటి సూపెట్టిండు. మంచిగనే చెప్పిండు, అబద్ధం చెప్ప. నేను గోడ కాడికెళ్లే చెయ్యి ఎత్తి మరాఠీల అడిగిన: "సార్, అన్నిట్ల సర్వే నంబరు అడుగుతున్నది. భూమి లేనోళ్లం ఏం రాయాలె?"

"హే శేత్కర్యాంసాఠీ ఆహే, బాయి" అన్నడు. ఇది రైతుల కోసం అని.

"విత్తనం ఏసేది మేము, కలుపు తీసేది మేము, కోసేది మేము. మరి మేమేంది సార్?"

కుర్చీలల్ల నవ్విండ్రు. మాలక్ అందరికంటె గట్టిగ నవ్విండు. నా చెవులు మండినయి గని నేను చెయ్యి దించలే. ఆఫీసరుకు సిగ్గయిందో, జాలయిందో, మీటింగు అయినంక నన్ను పిలిచి, "పిడుగులు చెప్పే యాప్ ఒకటి ఉన్నది, దానికి భూమి కాగితం అవసరం లేదు" అన్నడు. నా ఫోన్ల ఆయననే ఏసి ఇచ్చిండు. మనం ఉన్న జాగ చుట్టు గీత గీస్తది. ఆ గీత లోపల పిడుగు పడేటట్టుంటే ముందుగాల మోగుతది. ఒక్కొక్కపారి మోగుతది గని పడది, అది గూడ చెప్పిండు.

ఇంటికచ్చి అమ్మకు సూపెట్టిన. అమ్మ ఎడమ చెవు దగ్గరికి తెచ్చుకొని సప్పుడు ఇన్నది. "ఇదేం జెప్తున్నదే?" అని అడిగింది. ఏం జెప్పాలె? అది బుయ్యి బుయ్యి అంటది, మీద ఇంగ్లీషు అక్షరాలు అస్తయి. మా ముఠాల చదువచ్చినదాన్ని నేనొక్కదాన్నే. చాలమందికి బటన్ ఫోన్లే. అందుకని నేనే నా గొంతు రికార్డు చేసిన: "పిడుగు అస్తున్నది. కొడవండ్లు ఆడనే పడెయ్యిండ్రి. చెట్ల కిందికి పోకుండ్రి. పక్కా ఇల్లు సూసుకొని లోపలికి పోండ్రి. లెవ్వుండ్రి, లెవ్వుండ్రి." మా ఊరి మాటలనే చెప్పిన. సుట్టుముట్టు ఊర్ల ముఠాల ఆడోళ్ల నంబర్లు అత్తను అడిగి తీసుకొని వాట్సాప్ గ్రూపు చేసిన. బటన్ ఫోన్లోళ్లకు నేనే ఫోను చేసి చెప్తనని మాట ఇచ్చిన.

ఇగ కోతల కాలం అచ్చింది. నేను ఫోను గంపల పెట్టలేదు. చీర కుచ్చిళ్ల కాడ బొడ్లె చెక్కుకొని, పైనుంచి మొగోళ్ల పాత అంగి ఏసుకున్న. సోయా కోసేటప్పుడు అందరం ఏసుకుంటం గనుక మాలక్‌కు అనుమానం రాలేదు.

మొదటిపారి మోగిననాడు ఎండ కొడుతున్నది. పడమటి దిక్కు మాత్రం మొగులు కుండ అడుగు లెక్క నల్లగ ఉన్నది. బొడ్లె ఫోను బుయ్యిమన్నది. లేచి నిలబడ్డ. "అత్తా, లెవ్వుండ్రి. పిడుగు కబురు అచ్చింది" అన్న.

అత్త నన్ను సూసింది, మాలక్ దిక్కు సూసింది. అమ్మ మాత్రం ఎవలను సూడలేదు. కొడవలి అక్కడనే పడేసి లేచింది. అమ్మ లేచినంక ఇగ మిగిలినోళ్లు ఆగలేదు.

"ఏయ్, ఏంది? ఎటు?" అని మాలక్ గెట్టు మీదికెళ్లి ఒర్రిండు.

"పిడుగు పడుతదట మాలక్" అన్నది అత్త.

"ఎండ కొడుతుంటె పిడుగెక్కడిదే? ఫోను గంపల పెట్టమన్ననా లేదా?"

దగ్గర్ల ఒకటే పక్కా ఇల్లు ఉన్నది, మాలక్ ఆఖాడ. అంటే చేన్ల కట్టుకున్న సిమెంటు ఇల్లు. మందుబస్తాలు, విత్తనాలు, మోటారు సామాను అండ్ల ఉంటయి. మా అమ్మ పెండ్లయి అచ్చినకాడికెళ్లి ఆ చేన్ల పని చేస్తున్నది గని, ఆ గడప ఒక్కనాడు దాటలేదు. మాలాంటోళ్లం దాటుడు లేదు. ఎవలూ పొమ్మని అనలేదు, ఎవలూ రమ్మని అనలేదు, మాకే ఎరుక. యాపచెట్టు ఉన్నది గద, ఇంకేం గావాలె అన్నట్టు ఉండేటిది.

నేను పోయి తలుపు నూకిన. తలుపు చేరేసే ఉన్నది. నేను లోపలికి పోయిన, అమ్మ నా ఎనుకనే అచ్చింది. మిగిలినోళ్లు గడప కాడ ఆగిండ్రు. "రాండ్రి" అన్న. అత్త గడప బయటనే నిలబడి, "మైల అంటరు బిడ్డా" అన్నది మెల్లగ. "అననియ్యి అత్తా. ఈ చేన్ల సచ్చినామెను మోసుకపోయిననాడు రాని మైల ఇప్పుడేం అస్తది?" అన్న. నాకు అంత మాట ఎట్ల అచ్చిందో ఎరుక లేదు. అత్త లోపలికి అచ్చింది. అందరు అచ్చిండ్రు.

ఆనాడు పిడుగు పడలేదు. వాన గూడ పడలేదు. మొగులు అటే ముఖేడ్ దిక్కు పోయింది. మేము బయటికచ్చేవరకు మాలక్ గడప కాడ నిలబడి ఉన్నడు. ఆయన మాతోని మాట్లాడేది తెలుగే గని తిట్టాలంటే మరాఠీ ఎత్తుకుంటడు. అవి ఈడ రాయ. ఆఖరికి అత్తతోని అన్న మాట రాస్త: "రేపటికెళ్లి మీ ముఠా రావద్దు. నాకు మనుషులు కరువు లేదు."

ఇంటికి నడిచే తొవ్వల అందరు నన్ను ఎనుక ఇడిసి నడిచిండ్రు. మా గల్లీకి అచ్చినంక అత్త తిరిగి, "నీ ఫోను మా నోట్లె మన్ను కొట్టింది" అన్నది. నాకు ఏడ్పు అచ్చింది. గని తప్పు చేసిన అని అనిపించలేదు. ఆ సంగతి అత్తకు గూడ చెప్పిన. "అత్తా, తిట్టు. రేపు మోగినా నేను లేస్త" అన్న.

మాలక్ అన్నట్టే వేరే ముఠాను తెచ్చిండు. హద్దు అవుతలికెళ్లి, తెలంగాణ ఊర్లకెళ్లి టెంపోల నింపుకొని తెచ్చిండు. వాళ్లు మాకంటె తక్కువ కైకిలికి ఒప్పుకున్నరని ఊర్ల అన్నరు. మా ఆడోళ్లకు వాళ్ల మీద మండింది. నాకు మాత్రం ఒకటే ఫికర్ పట్టింది. ఆ చేన్ల యాపచెట్టు ఇంక ఉన్నది. వీళ్లకు అది ఎరుకనా?

మర్సటి పొద్దుగాల రోడ్డు మీదికి పోయి టెంపోకు అడ్డం నిలబడ్డ. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఎనుక కూసున్న ఆడోళ్లు కొట్లాటకే అచ్చిన అనుకున్నరు. అండ్లకెళ్లి ఒకామె, వాళ్ల ముఠా పెద్ద, కిందికి దిగింది. "ఏందే, మీ పని మేం గుంజుకున్నమని అచ్చినవా?" అన్నది.

"పని జేసుకో అక్కా. నేను దానికి రాలే" అన్న. "ఆ చేన్ల యాపచెట్టు ఉన్నది. ముందటేడు దాని కింద మా అమ్మ దోస్తు పిడుగు పడి సచ్చిపోయింది. మాలక్ మీకు చెప్పిండా?"

ఆమె మొకం మారింది. చెప్పలేదని తల ఊపింది.

"నీ నంబరు ఇయ్యి. ఫోను గంపల పెట్టకు, బొడ్లె ఉంచుకో. పిడుగు కబురు అస్తే నేను ఫోను చేస్త. లేసుడు లేవకపోవుడు మీ ఇష్టం."

నంబరు ఇచ్చింది. నవ్వలేదు, శుక్రియా అనలేదు. టెంపో ఎక్కి పోయింది.

తర్వాత కొన్ని దినాలకు మళ్ల మోగింది. నేను ఇంటికాడ ఉన్న. రికార్డు గ్రూపుల ఏసిన, అన్ని ముఠాలకు ఫోన్లు చేసుకుంట అచ్చిన, టెంపో ముఠా పెద్దకు గూడ చేసిన. "లెవ్వుండ్రి అక్కా" అన్న. అవుతల ఫోను కట్ అయింది. నేను ఉండబట్టక మిద్దె మీదికి ఎక్కిన. మా మిద్దె మీదికెళ్లి మాలక్ చేను దూరంగ కనబడుతది. పచ్చగ, ఎర్రగ చీరలు లేచి, ఒక్క వరుసల ఆఖాడ దిక్కు నడుస్తున్నయి. మాలక్ తెల్ల అంగి వాళ్ల ముందట చేతులు ఊపుకుంట అటు ఇటు ఉరుకుతున్నది. చీరలు ఆగలేదు.

నేను మిద్దె మీద నిలబడి ఒక్కదాన్నే నవ్విన, ఒక్కదాన్నే ఏడ్చిన. కిందికెళ్లి అమ్మ "దిగవే, పిడుగు అస్తున్నదని నువ్వే జెప్పి నువ్వే మిద్దె మీద నిలబడ్డవా" అని ఒర్రింది.

ఆ దినం పక్క ఊరి శివారుల ఎద్దు మీద పడ్డదని తర్వాత తెలిసింది. మా శివారుల పడలేదు. పడితే నా మాట నెగ్గేదని కొందరు అంటరు. అట్ల నెగ్గుడు నాకు వద్దు.

మాలక్ గ్రామపంచాయతికి పోయిండు. ఈమె ఫోన్ల అఫవాలు, అంటే పుకార్లు, పుట్టించి పనులు ఖరాబు చేస్తున్నది అని ఫిర్యాదు పెట్టిండు. గ్రామసభల నన్ను పిలిచిండ్రు. మా వాడకట్టు ఆడోళ్లు గూడ అచ్చి ఎనుక కూసున్నరు. అత్త అచ్చింది. నాతోని ఇంక మాట్లాడుత లేదు గని అచ్చింది.

నేను లేచి మరాఠీల చెప్పిన. యాప్ సర్కారుది, దాన్ని మా ఊరికి తెచ్చింది సర్కారు ఆఫీసరు, అది మోగితే అఫవా ఎట్ల అయితది అని అడిగిన. మాలక్ లేచిండు. "మోగినపుడల్ల పిడుగు పడ్డదా? ఎన్నిపార్లు ఉత్తగనే మోగింది? పండిన సోయా చేన్లనే పగిలిపోతే ఎవలు జవాబు?" అన్నడు. కొందరు అవును అన్నరు. ఆయన మాటల ఉత్త అబద్ధం లేదు. ఎండిన సోయా ఆగదు, కాయ పగిలి గింజ మన్నుల పడుతది. నాకు గూడ ఎరుక, నేను కోసేదాన్నే.

గప్పుడు మా అమ్మ లేచింది. ఎవలూ అనుకోలేదు. తెలుగుల మొదలుపెట్టింది. ఒకాయన "మరాఠీత్ బోలా, బాయి" అన్నడు, మరాఠీల చెప్పమని. నేను తిరిగి, "మా అమ్మకు అచ్చిన భాషల చెప్తది, ఇనుండ్రి. అర్థం గానోళ్లకు నేను చెప్త" అన్న. అంత గట్టిగ మాట్లాడుతనని నాకే తెలియదు.

అమ్మ ఆ దినం గురించి మొదటిపారి చెప్పింది. దోస్తు నవ్వుకుంట "నువ్వు పోయిరా, నీ సద్ది నేను తడవనియ్య" అన్నదట. అమ్మ తాటిపత్రి కొస పట్టుకున్నదట. తెల్లగ అయింది అన్నది, అంత తెల్లగ ఎన్నడు సూడలేదు అన్నది. ఎనుకకు తిరిగి సూస్తే దోస్తు చేతుల సద్దిగిన్నె అట్లనే ఉన్నదట, మూత కూడ ఊడలేదట. తర్వాత మాలక్ దిక్కు తిరిగి, "మాలక్, ఆనాడు ఆఖాడ తలుపు తెరిచే ఉండె. నేను సూసిన. మమ్ముల ఎవలూ రమ్మనలేదు, మేము పోలేదు. ఇప్పుడు నువ్వు రమ్మన్నా రావద్దన్నా మేము పోతం" అన్నది. అని కూసున్నది.

నేను మరాఠీల చెప్పే అవసరం రాలేదు. ఆ సభల తెలుగు రానోళ్లు ఎవరు లేకుండె.

సభ ఏం తీర్మానం చెయ్యలేదు. సర్పంచ్ "సూద్దాం" అని లేచిండు. మాలక్ అందరికంటె ముందు బయటికి పోయిండు. బయటికచ్చినంక అత్త నా దగ్గరికి అచ్చి, నా జుట్టు ముడి సదిరి, "నడువు" అన్నది. అంతే.

కోతలు ఇంక మిగిలే ఉన్నయి. టెంపో ముఠా వేరే ఊరికి పోయింది. నాలుగొద్దులల్ల మాలక్ అత్తకు కబురు పంపిండు. అత్త ఒక్కతే పోయి మాట్లాడి అచ్చింది. ఏం మాట్లాడినవ్ అంటే, "ఫోను పోరి బొడ్లెనే ఉంటది అన్న. మోగితే లేస్తం అన్న. ఆఖాడకు తాళం ఏస్తే ఆ పొద్దు మేము రాము అన్న" అని చెప్పింది. "ఆయన ఏమన్నడు?" అంటే, "ఏమంటడు, సోయా ఎండిపోతున్నది" అన్నది.

ఆ కోతలు అయ్యేలోపట ఇంకోపారి మోగింది. అందరం లేచినం. ఆఖాడల మందుబస్తాల మీద కూసున్నం. మాలక్ బయట చూరు కింద నిలబడ్డడు, లోపలికి రాలేదు. ఒక పెద్ద ఉరుము ఉరిమింది, చూరు రేకులు దడదడ కొట్టుకున్నయి. మాలక్ చటుక్కున లోపలికి అచ్చి తలుపు కాడ నిలబడ్డడు. అమ్మ జర పక్కకు జరిగి జాగ ఇచ్చింది. ఆయన కూసోలేదు. గని పొమ్మని కూడ అనలేదు.

ఇప్పుడు గ్రూపులు ఎక్కువైనయి. ముఖేడ్ దిక్కు ముఠాలు, భోకర్ దిక్కు పత్తి ఏరే ముఠాలు గూడ నా గొంతే ఇంటున్నరు. మరాఠీల గూడ రికార్డు చేసిన, ఎందుకంటె పిడుగు మరాఠీ మాట్లాడే కైకిలోళ్ల మీద గూడ పడుతది. యాప్ల తెలుగు పెట్టుండ్రని, భూమి లేనోళ్ల పేర్లు గూడ రాసుకోండ్రని ఆఫీసుకు పోయి అడుగుతనే ఉన్న. సూస్తం అంటరు. నేను మళ్ల పోత.

మాలక్‌ల ఫోన్లు అస్తయి నాకు. నంబరు ఎట్లనో సంపాదించి తిట్టడానికే చేస్తరు. మొన్న ఒకాయన చేసిండు, ముఖేడ్ దిక్కు ఊరాయన. ఆయన చేన్ల పత్తి ఏరేటోళ్లంత లేచి పోయిండ్రట. "ఎవతివే నువ్వు? నా మనుషుల్ని లేపడానికి నువ్వెవలు?" అని ఒర్రుతున్నడు. ఆయన మాటల నడుమల నాకు ఉరుము ఇనబడ్డది.

"మాలక్, మీరు ఏడ నిలబడ్డరు?" అని అడిగిన.

"నా చేన్లనే నిలబడ్డ. నీకేంది?"

"ఒక్కరే ఉన్నరా? చెట్టు పక్కన ఉన్నరా?"

"చింతచెట్టు కింద" అన్నడు.

"అయితే ముందుగాల దాని కిందికెళ్లి బయటికి రాండ్రి. మీ ఆడోళ్లు ఏ ఇంట్లకు పోయిండ్రో గా ఇంట్లకే పోండ్రి, జాగ ఇస్తరు. పోయినంక తిట్టుండ్రి, నేను ఫోను పెట్టెయ్య, అన్నీ ఇంట."

ఆయన మళ్ల ఒక తిట్టు తిట్టిండు. గని ఫోన్ల ఎండుటాకుల సప్పుడు, తర్వాత చెప్పుల సప్పుడు ఇనబడ్డది. జల్ది జల్ది నడుస్తున్నడు, దమ్ము ఎగపోస్తున్నడు. తలుపు నూకిన సప్పుడు అయింది, ఆడోళ్ల మాటలు ఇనబడ్డయి.

"ఇగ చెప్పుండ్రి మాలక్" అన్న.